ఉమ్మడి తోట: వంతులు, వాటాలు, తగవులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఖాళీ స్థలంలో నలుగురూ కలిసి తోట వేసుకున్నారు, మొక్కలు బాగానే ఉన్నాయి, చిక్కంతా మనుషులతోనే వస్తోంది. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఉమ్మడి తోటలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: రెండేళ్ళ క్రితం ముప్పైమందిమి కలిసి ఒక స్థలాన్ని బాగుచేసి, ఇరవై మళ్ళు కట్టి తోట మొదలుపెట్టాము. మొదటి ఆరు నెలలు తిరునాళ్ళలా గడిచాయి. ఇప్పుడు ఆదివారం పనికి ఆరుగురికి మించి రావడం లేదు. వాట్సాప్‌లో సందేశం పెడితే అందరూ బొటనవేలి గుర్తు పెడతారు, తోట దగ్గరికి మాత్రం ఎవరూ రారు. రానివారికి జరిమానా వేద్దామని కొందరు అంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: జరిమానా ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందుగా మీరు పంపుతున్న సందేశాన్ని మీరే ఒకసారి చదువుకోండి. బహుశా అందులో "ఆదివారం ఉదయం తోటలో పని ఉంది, అందరూ తప్పక రావలెను" అని ఉంటుంది. పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు. అందరినీ పిలిచిన పిలుపు తనకు కాదని ప్రతివారూ అనుకుంటారు, పైగా వచ్చినవారు కూడా ఏం చేయాలో తెలియక, ఎవరో ఒకరు చెప్పేదాకా చేతులు కట్టుకుని నిలబడి, కాస్త కలుపు పీకి, కాసేపు కబుర్లాడి వెళ్ళిపోతారు. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి రావలసిన అవసరం వారికి కనిపించదు. అదే సందేశం "ఏడో మడి నుంచి పదో మడి వరకు టమాటాకు కర్రలు పాతాలి, ఇద్దరు కావాలి, గంట పని" అని ఉంటే ఆ గంట ఇవ్వగలవారు ముందుకు వస్తారు. గంటలో పని ముగిసిందని, తమవల్లనే ముగిసిందని వారికి తెలుస్తుంది. నా అనుభవంలో సభ్యులను నిలిపేది ఈ తెలియడమే.

రెండో విషయం నీళ్ళు. వానలు లేని రోజుల్లో కూరగాయల మడికి వారానికి దాదాపు 25 మిల్లీమీటర్ల నీరు కావాలని సాధారణంగా లెక్క వేస్తారు, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు. మీ మడి 1.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు ఉందనుకుంటే ఒక్క మడికే 90 లీటర్లు, అంటే పది లీటర్ల బకెట్లు తొమ్మిది. ఇరవై మళ్ళకు 1,800 లీటర్లు అవుతాయి. నిమిషానికి 15 లీటర్లు ఇచ్చే పైపుతో తడపాలంటే వారానికి రెండు గంటలు నిలబడాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఈ లెక్క ఎవరూ వేసుకోకుండా "ఈ వారం నీళ్ళ వంతు మీది" అని ఒకరికే అప్పజెబితే, రెండు వంతులు పూర్తయ్యేసరికి ఆ సభ్యుడు కనిపించడం మానేస్తాడు. వంతును ఇద్దరికి పంచండి, మళ్ళలో ఎండుగడ్డో ఎండుటాకులో మందంగా పరిచి తడి ఆరిపోకుండా చూడండి, పైపు మొదటి మడి నుంచి చివరి మడి దాకా అందుతుందో లేదో కొలవండి. పైపు అయిదు అడుగులు పొట్టిదై చివరి రెండు మళ్ళకు బకెట్లు మోయవలసి వచ్చినందువల్లనే మా తోటలో ఒక మంచి సభ్యురాలు మానేసిందని, ఏడాది గడిచాక గానీ మాకు తెలియలేదు.

మా కుళాయికి ఒక పురికొస కట్టి, దానికి ఒక నోటుపుస్తకం వేలాడదీశాము. నీళ్ళు పెట్టినవారు తేదీ, తడిపిన మళ్ళ అంకెలు, కంటబడిన విశేషం అందులో రాయాలి. "12వ మడిలో ఆకు వెనక తెల్లదోమ ఉంది" అని ఒకరు రాస్తే, దాని కిందనే "సబ్బునీళ్ళు కొట్టాను, గురువారం మళ్ళీ చూడండి" అని ఇంకొకరు రాశారు. గురువారం మూడో మనిషి చూశాడు. ఈ ముగ్గురూ ఎన్నడూ ఒకే వేళ తోటలో కలుసుకున్నవారు కారు. తడిసి, ఉబ్బి, మట్టి వేళ్ళ ముద్రలు పడిన ఆ పుస్తకం మా సర్వసభ్య సమావేశాలన్నిటి కంటె ఎక్కువ పని చేసింది.

ఇక కొత్తవారి సంగతి. నారు నాటిన టమాటా కాపుకు రావడానికి రెండు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ రెండు నెలలూ కలుపు, నీళ్ళు, పురుగులు తప్ప చేతికి వచ్చేది ఏమీ ఉండదు, తోట విడిచి వెళ్ళేవారిలో చాలామంది ఆ ఎదురుచూపులోనే వెళ్ళిపోతారు. కొత్త సభ్యుడి మడిలో ఒక సాలు ముల్లంగి, ఒక సాలు ఆకుకూర తప్పక వేయించండి. నెల తిరిగేసరికి ఇంటికి ఒక కట్ట తీసుకువెళ్ళినవాడు టమాటా కోసం ఓపిక పడతాడు. మడి పరిమాణం కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో 1908 నాటి చట్టం కింద స్థానిక సంస్థలు సాగుకు ఇచ్చే తోట ముక్క సంప్రదాయంగా 10 రాడ్లు, అంటే సుమారు 250 చదరపు మీటర్లు. ఉద్యోగం చేసుకుంటూ అంత నేలను సాగుచేయలేక వదిలేసేవారు ఎక్కువ కావడంతో ఇప్పుడు చాలా చోట్ల కొత్తవారికి సగం ముక్కే ఇస్తున్నారు. మీరూ సగం మడితో మొదలుపెట్టించి, ఒక పంట తీశాక మిగతా సగం ఇవ్వండి.

రాని ఇరవైనలుగురికీ మీరో, మరొకరో విడివిడిగా ఫోన్ చేయడం కూడా మరవకండి. "ఎందుకు రావడం లేదు" అని అడిగితే సంజాయిషీ చెబుతారు. "ఏ పని అయితే మీకు వీలవుతుంది" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. వంగి పని చేయలేని పెద్దవారికి విత్తన సంచులకు పేర్లు రాయడం, లెక్కలు చూడడం, కొడవళ్ళకు పదును పెట్టడం వంటి పనులు ఎన్నో ఉన్నాయి.

ప్రశ్న: మా పక్క మడి సభ్యుడు నాలుగు నెలలుగా రావడం లేదు. మడి నిండా తుంగ, గరిక పెరిగి నా మడిలోకి పాకుతున్నాయి. తోట కావాలని పేర్లు ఇచ్చి ఎదురుచూస్తున్నవారు ఏడుగురు ఉన్నారు. అయినా మడి తీసుకుంటే గొడవ అవుతుందని కార్యవర్గం మౌనంగా ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. తుంగ గడ్డల ద్వారానూ, గరిక కాడల ద్వారానూ గట్టు దాటి వస్తాయి. ఇక ముళ్ళతోటకూర వంటిది ఒక్క మొక్క విత్తనం రాల్చినా వేలకు వేలు మొలుస్తాయి, వాటిని ఏళ్ళ తరబడి పీకుతూ ఉండవలసి వస్తుంది. అందువల్ల ఏ మడిలోనైనా కలుపు పూతకు వచ్చే సూచన కనిపిస్తే, అది ఎవరిదైనా సరే, అనుమతి కోసం ఆగకుండా కోసివేయవచ్చునని ముందు ఒక నియమం పెట్టించండి. దీనివల్ల సభ్యత్వం తగవు తేలేదాకా నేల పాడు కాకుండా ఉంటుంది.

మడి వెనక్కి తీసుకోవడం వేరే సంగతి. చేపల రేవులు, పచ్చిక బయళ్ళు, సాగునీటి కాలువల వంటి ఉమ్మడి వనరులను జనం తమంతట తాము ఎలా కాపాడుకుంటారో పరిశోధించి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్, దీర్ఘకాలం నిలిచిన ఏర్పాట్లలో కొన్ని పోలికలు గమనించారు. నియమాలను పాటించవలసినవారే వాటి తయారీలో పాల్గొంటారు, నిఘా వేసేవారు ఆ సభ్యులకే జవాబుదారులై ఉంటారు, తప్పు చేసినవారికి శిక్ష చిన్నదిగా మొదలై తప్పు పునరావృతమైన కొద్దీ పెరుగుతుంది. మొదటి ఉత్తరం రాసినవారికి జరిమానా వద్దన్నది కూడా ఇందుకే, అక్కడ మొదటి మెట్టు ఎక్కకుండానే మూడో మెట్టు మీదికి దూకుతున్నారు.

మీ తోటకు నేను సూచించేది ఇది. "మడిని సరిగా చూడకపోవడం" అని రాస్తే దాని అర్థం మీద వాదన తెగదు కాబట్టి, "మడిలో సగానికి మించి కలుపు ఉండడం" అని కంటితో చూసి తేల్చగలిగేటట్లు రాయండి. అటువంటి మడి కనిపిస్తే పక్క మడివారు ముందు ఫోన్ చేస్తారు. రెండు వారాలలో మార్పు రాకపోతే కార్యవర్గం ఉత్తరం ఇస్తుంది. మరో రెండు వారాల తరువాత సగం మడిని వరుసలో మొదట ఉన్నవారికి ఆ పంటకాలం వరకు అప్పగిస్తుంది. దానితో పాటు సెలవు నియమం కూడా తప్పకుండా ఉండాలి. జబ్బు చేసినా, కాన్పు వచ్చినా, ఉద్యోగంలో ఊపిరాడకపోయినా ఒక పంటకాలం మడిని వదులుకుని, తిరిగి వచ్చినప్పుడు తమ స్థానం తాము పొందవచ్చునని తెలిస్తే జనం మొహం చాటేయరు, ముందుగానే చెబుతారు. మీ పొరుగు సభ్యుడికి ఎవరైనా ఒక్కసారైనా ఫోన్ చేశారా? ఉత్తరంలో ఆ ముక్క లేదు.

ప్రశ్న: మా తోటలో కాయలు మాయమవుతున్నాయి. బయటివారి పనా, లోపలివారి పనా తెలియడం లేదు. సభ్యుల మధ్య అనుమానాలు పెరిగి ఇద్దరు మాటలు మానేశారు. కెమెరా పెట్టమంటారా?

జవాబు: కెమెరా పెట్టే ముందు ఒక చిన్న విషయం కనుక్కోండి. ఏది ఉమ్మడి మడో, ఏది సొంత మడో తెలిపే పలకలు మీ తోటలో ఉన్నాయా? లేకపోతే మీరు దొంగతనం అనుకుంటున్న దానిలో కొంత పొరపాటే కావచ్చు. సభ్యుల పిల్లలకు, చుట్టాలకు మన మనసులోని హద్దులు తెలియవు. రెండోది, చిక్కుడు, దోస, సొర వంటివి ఎప్పటికప్పుడు కోస్తేనే కాస్తూ ఉంటాయి. కాయ తీగ మీదనే ముదిరి గింజ కట్టిందంటే కొత్త పూత తగ్గిపోతుంది. పక్కవారు పది రోజులు రాలేదని, కాయలు ముదిరిపోతున్నాయని జాలిపడి కోసినవారు కూడా దొంగల లెక్కలోకి వచ్చేస్తారు. "వారం రోజులకు పైగా యజమాని రాకపోతే ముదిరే కాయలను పక్క మడివారు కోసి, నోటుపుస్తకంలో రాసి, సగం ఉమ్మడి బుట్టలో పెట్టవచ్చు" అన్న ఒక్క వాక్యం చాలా అనుమానాలను తీరుస్తుంది. ఊరు వెళ్ళేవారు తమ మడికి ఒక చిన్న ఎర్రగుడ్డ కట్టి వెళితే "కోసుకోండి" అని అర్థమని మేము పెట్టుకున్నాము.

బయటివారి విషయానికి వస్తే, కంచె పక్కనే ఒక మడి వదిలి "దారిన పోయేవారు కోసుకోవచ్చు" అని పలక పెట్టిన తోటలు ఉన్నాయి. అది పూర్తిగా పనిచేస్తుందని మాట ఇవ్వలేను గానీ, తాళం బిగించిన తోట కంటె అటువంటి తోట మీద చుట్టుపక్కలవారి కన్ను చల్లగా ఉంటుంది. మాటలు మానేసిన ఇద్దరికీ ఒకే రోజు నీళ్ళ వంతు వేయకండి. రాజీ కుదర్చాలన్న ఉత్సాహంతో నేను ఒకసారి ఆ పని చేసి చూశాను, ఆ వారం సగం మళ్ళకు నీళ్ళే లేవు.

ప్రశ్న: మా కంపోస్టు కుప్ప దుర్వాసన వస్తోందని ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేస్తున్నారు. తోటనే తీసివేయమంటున్నారు.

జవాబు: పచ్చి చెత్త ఎక్కువై, గాలి ఆడక కుళ్ళుతోంది. పచ్చి చెత్త ఒక పాలు వేస్తే ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు రెండు మూడు పాళ్ళు వేసి, కుప్పను తిరగవేయండి. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున ఉంటే లోపల వేడి బాగా పుడుతుంది. ఆ వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలవాలి, తిరగవేసినప్పుడు బయటి చెత్త కూడా లోపలికి వెళ్ళి ఆ వేడి తగలాలి, అప్పుడే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. వండిన పదార్థాలు, మాంసం వేయవద్దు. మీ తోటలో కుప్పను చూసుకునే మనిషి ఎవరూ లేరని ఆ వాసనే చెబుతోంది. ఎండుటాకుల బస్తాను కుప్ప పక్కనే ఉంచి, ఒక మనిషికి ఆ పని పేరుపెట్టి అప్పగించండి.

ప్రశ్న: అయిదేళ్ళుగా తోట నేనే నడుపుతున్నాను. తాళంచెవి, లెక్కలు, విత్తనాలు, నీళ్ళ పట్టిక అన్నీ నా దగ్గరే ఉన్నాయి. అలసిపోయాను. వదిలేస్తే తోట పాడవుతుందని భయం. నన్ను ఎవరూ ఆదుకోరు.

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. కష్టపెట్టుకోకండి, మీరు అన్నీ చేస్తూ ఉన్నంతకాలం ఇతరులకు ఆదుకోవడానికి చోటు కనిపించదు. ఎవరైనా ఒక పని మీకంటె కాస్త వంకరగా చేస్తే మీరు రాత్రికి రాత్రి సరిచేసి ఉంటారని కూడా నా ఊహ, ఎందుకంటే నేనూ అదే చేసేవాణ్ణి.

అన్నీ ఒకేసారి దింపకండి. మొదట తాళంచెవికి మూడు నకళ్ళు చేయించి, తోటకు వేర్వేరు వేళల్లో వచ్చే ముగ్గురికి ఇవ్వండి. తరువాతి నెలలో విత్తనాలు, నారు పని ఇద్దరికి అప్పగించండి. ఒక్కరికి అప్పగిస్తే మరో అయిదేళ్ళకు వారూ మీలాగే ఉత్తరం రాస్తారు. ఆ ఇద్దరి గడువూ ఏడాదే అయి, ఆరు నెలల తేడాతో ముగిసేటట్లు చూడండి, అప్పుడు కొత్తగా వచ్చినవారికి పని నేర్పడానికి ఒక పాతవారు ఎప్పుడూ ఉంటారు. లెక్కలు చివరగా ఇవ్వండి. ఇచ్చే ముందు ఏ నెలలో ఏం కొంటారు, నీటి బిల్లు ఎప్పుడు కడతారు, స్థలం యజమానితో ఒప్పందం ఎప్పటికి ముగుస్తుంది అన్నవి రెండు పేజీలలో రాసి పెట్టండి. ఒప్పందం కాగితం మీ ఇంటి బీరువాలో ఒక్కటే ప్రతి ఉంటే ఈ వారమే నకలు తీయించండి.

ఇది అయ్యాక ఒక ఆదివారం తోటకు వెళ్ళకండి, ఫోన్ కూడా చేయకండి. తరువాతి వారం వెళ్ళినప్పుడు టమాటా కర్రలు మీకు నచ్చని ఎత్తులో కట్టి ఉంటాయి. విప్పకుండా మీ మడి దగ్గరికి వెళ్ళి కలుపు తీసుకోండి. అయిదేళ్ళలో మీ సొంత మడి ఎలా ఉందో మీరు ఉత్తరంలో రాయలేదు.