గోకే కుక్క, నాకే పిల్లి: అలర్జీపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా లాబ్రడార్‌కి రెండున్నరేళ్లు, 28 కిలోలు. ఏడాదిగా పాదాలు నాకుతూనే ఉంటాడు, చెవులు వాసన కొడుతున్నాయి. ఇంజెక్షన్ చేయిస్తే వారం పది రోజులు హాయిగా ఉంటాడు, మళ్లీ మొదలు. చికెన్ పడట్లేదేమోనని మానేసి నెల నుంచి పెరుగన్నమే పెడుతున్నాం. తేడా లేదు. బ్లడ్ టెస్ట్ చేయిస్తే ఏది పడదో తేలుతుందా?
- ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: వారం పది రోజులు పనిచేసి ఆగిపోతోందంటే అది బహుశా స్టెరాయిడ్. చీటీలో పేరు చూసుకోండి. స్టెరాయిడ్ దురదను అణుస్తుంది తప్ప కారణం జోలికి పోదు. పదేపదే వేయిస్తే దాహం, ఆకలి, మూత్రం పెరుగుతాయి, ఒళ్లు లావెక్కుతుంది, చర్మం పల్చబడుతుంది.

ఆహారం వల్ల వచ్చే అలర్జీకి కుక్కల్లో ఎక్కువగా కారణమయ్యేవి బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. మీరు చికెన్ మానేసి పెరుగు పెట్టారు. ఒక అనుమానితుణ్ని బయటికి పంపి ఇంకొకణ్ని లోపలికి పిలిచినట్టయింది. ఆహారం విషయంలో రక్తపరీక్షలు నమ్మదగ్గవి కావు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

దురద కేసుల్లో వరస ముఖ్యం. కళ్లకు కనిపించకపోయినా ఫ్లీల (రక్తం తాగే చిన్న పురుగుల) మందు ముందు పడాలి. పిడుదుల్లా ఇవి ఒకేచోట అంటుకుని ఉండవు, వెంట్రుకల మధ్య పరిగెడతాయి, దూకుతాయి. తోక మొదట్లో, నడుం మీద, వెనక తొడల మీద దురద ఉంటే ముందు వీటినే అనుమానించాలి. పాదాలు, చెవులు, చంకలు, పొట్ట అయితే ఆహారమో, ఇంటి దుమ్మో, పుప్పొడో కావచ్చు. చెవి అంచులు, మోచేతులు విపరీతంగా గోకుతూ ఇంట్లో మనుషులకూ దద్దుర్లు వస్తుంటే అది అలర్జీ కాదు, గజ్జి. చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూస్తారు. గజ్జి పురుగు ఒక్కోసారి దొరక్కపోవచ్చు కాబట్టి అనుమానం గట్టిగా ఉంటే మందు వాడే చూస్తారు.

తర్వాత ఇన్ఫెక్షన్. మీ వాడి చెవుల వాసనకు కారణం బహుశా ఈస్ట్ అనే శిలీంధ్రం. అలర్జీ చర్మాన్ని పాడుచేస్తే దాని మీద ఈస్ట్, బాక్టీరియా పెరుగుతాయి. కృష్ణా తీరపు ఉక్కపోత వాటికి బాగా కలిసొస్తుంది. వేళ్ల సందులు విప్పి చూడండి. ఎర్రగా, జిడ్డుగా ఉండి, వెంట్రుకలు ఉమ్మి తడికి ఇటుకరంగు తిరిగి ఉంటాయి. 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్, దాంతోపాటు మైకోనజోల్ ఉన్న షాంపూతో వారానికి రెండుసార్లు స్నానం చేయించండి. చాలామంది చేసే పొరపాటు ఒక్కటే, రుద్దిన వెంటనే కడిగేయడం. నురగ పది నిమిషాలు ఒంటి మీదే ఉండాలి, గడియారం చూసుకోండి. చన్నీళ్లో గోరువెచ్చని నీళ్లో వాడాలి, బాగా వేడినీళ్లు దురద పెంచుతాయి. కడిగాక వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టాలి. చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టొద్దు. కర్ణభేరి బాగుందో లేదో డాక్టర్ చూడకుండా చుక్కలూ వేయొద్దు. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దూరం కాదు, ఈ పరీక్షలకు అక్కడికీ తీసుకెళ్లొచ్చు.

ఇవన్నీ అయ్యాకా దురద మిగిలితే అప్పుడు ఆహార పరీక్ష. 8 వారాలు వాడు ఇంతవరకు ఎన్నడూ తినని మాంసకృత్తు ఒకటి, పిండిపదార్థం ఒకటి, అంతే. వాడికి చేప అలవాటు లేకపోతే ముల్లు తీసి ఉడికించిన శీలావతి రోజుకు సుమారు 350 గ్రాములు, అన్నం 500 గ్రాములు, రెండు పూటలుగా పెట్టండి. ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ పడకూడదు. వారానికోసారి బరువు చూసి అన్నం అటూఇటూ చేయండి. పెద్ద కుక్కకు 8 వారాలకు ఇది సరిపోతుంది, ఎదిగే కుక్కపిల్లకు పనికిరాదు. వండలేనివాళ్లు డాక్టర్ రాసే హైడ్రొలైజ్డ్ ఆహారం (మాంసకృత్తును బాగా చిన్న ముక్కలుగా విడగొట్టి చేసింది) వాడొచ్చు, ఖరీదు మాత్రం ఎక్కువ.

ఈ పరీక్ష బెడిసికొట్టేది సాధారణంగా వంటలో కాదు. టీలో ముంచి తాతగారు పెట్టే బిస్కెట్ ముక్క, నమిలే బొమిక, చికెన్ రుచి కలిపిన నట్టల మాత్ర, పక్కింటివాళ్లు ప్రేమగా విసిరే పకోడీ. ఒక్క ముక్క పడినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పండి, వాచ్‌మన్‌తో సహా.

దురద తగ్గితే సగం పరీక్షే అయినట్టు. పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. కొన్ని గంటల నుంచి 14 రోజుల్లోపు దురద తిరగబెడితే ఆహారమే దోషి. ఇక్కడ చాలామంది భయపడి ఆగిపోతారు, దాంతో తగ్గింది తిండి వల్లో వాతావరణం మారడం వల్లో ఎప్పటికీ తెలియదు.

తిండి మార్చినా ఏమీ తేడా రాకపోతే అటోపీ, అంటే దుమ్ములోని మైట్స్ (కంటికి కనపడని పురుగులు), బూజు, పుప్పొడి పడకపోవడం. ఇది మామూలుగా ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య మొదలవుతుంది, మీ వాడి వయసు సరిగ్గా అదే. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి. పడక గుడ్డలు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. కాలవగట్టు మీద వయ్యారిభామ పొదల పక్క నడిపించకండి, ఇంటికి రాగానే పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడవండి. దురదకు ఓక్లాసిటినిబ్ మాత్రలు, నెలకోసారి వేసే లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ ఉన్నాయి. మొదటిది ఏడాది నిండని కుక్కకు ఇవ్వరు, రెండోది కుక్కలకు మాత్రమే. మీకు ఏది సరిపోతుందో డాక్టర్ చెప్పాలి.

ప్రశ్న: మా పిల్లికి పొట్ట కింద, తొడల లోపల వెంట్రుకలు పూర్తిగా పోయాయి. గోకడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఇది అలర్జీయేనా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పిల్లి గోకదు, నాకుతుంది. అదీ ఎవరూ చూడనప్పుడు. డాక్టర్ కొన్ని వెంట్రుకలు మైక్రోస్కోప్ కింద చూస్తే తేలిపోతుంది. కొసలు విరిగి ఉంటే నాకుడు, సన్నగా మామూలుగా ఉంటే రాలుడు. మెడ, వీపు మీద చేత్తో నిమిరితే రవ్వంత గట్టి పొక్కులు తగులుతున్నాయా చూడండి. అవీ అలర్జీ గుర్తులే. ఇంట్లో పిల్లలుంటే తామర కాదని ముందు నిర్ధారించుకోండి, అది మనుషులకూ అంటుతుంది.

ఒంటిమీద ఫ్లీలు లేవనుకోకండి, పిల్లి వాటిని నాకి మింగేస్తుంది. తెల్ల కాగితం తడిపి పరచండి, తోక దగ్గర సన్నదువ్వెనతో దువ్వి దులపండి. మిరియాల పొడిలాంటి నలుసులు తడికి ఎర్రగోధుమ రంగు దిగితే అది ఫ్లీల రెట్ట, అందులో ఉన్నది మీ పిల్లి రక్తమే.

ఫ్లీలకు, పిల్లులకని రాసి ఉన్న స్పాట్-ఆన్ (చర్మం మీద చుక్కలుగా వేసే) మందే కొనండి. కుక్కల మందు కొంచెమే వేద్దామని అస్సలు అనుకోవద్దు. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది. తల వెనక, మెడ మొదట్లో వెంట్రుకలు విడదీసి చర్మం మీదే వేయాలి, నాలుక అందని చోటు అదే. ముందు వెనక రెండు రోజులు స్నానం వద్దు. ఇంట్లో ఉన్న పిల్లులు, కుక్కలు అన్నిటికీ, వాటి వాటి మందు, కనీసం మూడు నెలలు వేయండి. ఫ్లీల గుడ్లు, వాటి పిల్లలు అల్లుకునే గూళ్లు సోఫా సందుల్లో, పరుపుల్లో ఉంటాయి కాబట్టి ఒకసారి వేసి ఊరుకుంటే మళ్లీ వస్తాయి.

ప్రశ్న: వేపనూనె, కర్పూరం కలిపిన కొబ్బరినూనె, మనం వాడే దురద క్రీములు రాయొచ్చా?
- ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం

జవాబు: వద్దు. రాసింది నాలుక మీదికే పోతుంది. కర్పూరం కుక్కకూ పిల్లికీ విషం. డెట్టాల్, ఫినైల్ పిల్లికి మరీ ప్రమాదం. మనుషుల క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. గీతలు పడిన చోట చల్లటి తడిగుడ్డ వేసి, నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ తొడగండి.

ప్రశ్న: మిర్చి సీజన్‌లో మా పామ్ (పొమేరియన్ కుక్క) తెగ తుమ్ముతాడు. మిర్చి అలర్జీనా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అలర్జీ కాదు, ఘాటు. ఆ ఘాటుకు మనకు ముక్కు మండినట్టే వాడికీ. యార్డు వైపు లారీల దారిన కాకుండా పొద్దున్నే వేరే దారిన నడిపించండి, కళ్లు సెలైన్‌తో కడగండి. సీజన్ పోయినా తగ్గకపోతే, లేదా ముక్కులో ఒక పక్క నుంచే చీము, రక్తం వస్తే ఆగకుండా చూపించండి.

ప్రశ్న: తేనెటీగ కుట్టి కుక్క మూతి ఉబ్బింది. ఇంట్లో ఉన్న సెట్రిజిన్ వేసేయొచ్చా?
- ఒక పాఠకుడు, కృష్ణలంక

జవాబు: డాక్టర్‌కి ఫోన్ చేసి, బరువు చెప్పి, మోతాదు అడిగాకే వేయండి. మాత్రలో ఫినైల్‌ఎఫ్రిన్, పారాసెటమాల్ కలిసి ఉన్నాయేమో అట్ట తిరగేసి చదవండి. పారాసెటమాల్ ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. ముల్లు కనిపిస్తే వెంటనే తీసేయండి, ఆలస్యమైన కొద్దీ విషం ఎక్కువ ఎక్కుతుంది. వాంతులు, విరేచనాలు, చిగుళ్లు తెల్లబడడం, ఊపిరి ఆడకపోవడం, కాళ్లు తేలిపోవడం, వీటిలో ఏది కనిపించినా మాత్ర వేసి చూద్దామని కూర్చోకుండా బండి తీయండి.