టెన్షన్‌కి సూదులా అని భయపడకు తమ్ముడూ
మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసీ రాసీ మెడ పట్టేస్తోంది, నిద్ర పట్టట్లేదు, ఆక్యుపంక్చర్ చేయించుకోవాలని ఉన్నా సూదులంటే భయం అన్నావు కదా. వెళ్లు తమ్ముడూ. అది ఇంజెక్షన్ సూది కాదు, వెంట్రుకంత సన్నం. మహబూబ్‌నగర్‌లో మొదటిరోజు నా కనుబొమల మధ్య పెట్టినప్పుడు చీమ కుట్టినట్టయింది, అంతే. 20 నిమిషాలు కదలకుండా పడుకున్నాక బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. ఫోన్ లేకుండా అలా పడుకోవడం కూడా సగం పని చేస్తుందని నా నమ్మకం. ఒక్కసారికే తేలదు, నాలుగైదుసార్లు చూడు. కొత్త సూదుల ప్యాకెట్ నీ ముందే విప్పమను. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పు. ఈలోగా మిల్లులోనే మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్లు కొలిచి, లోపలివైపు నడిమధ్యన బొటనవేలితో రెండు నిమిషాలు నొక్కు. అయినా నిద్ర రాకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించుకో.