సునీల్ ఛెత్రికి గోల్స్ ఉన్నంత పేరు ఎందుకు లేదు?
2024 జూన్‌లో రిటైరయ్యేనాటికి (మరుసటి ఏడాదే మళ్లీ వచ్చాడనుకోండి) భారత ఫుట్‌బాల్ జట్టు తరఫున ఛెత్రివి 94 గోల్స్. అప్పటికి ఆడుతున్నవాళ్లలో ముందున్నది రొనాల్డో, మెస్సీలే. కానీ మన జట్టు అతని కాలంలో వరల్డ్ కప్ మొహం చూడలేదు. గోల్స్‌లో చాలావరకు నేపాల్, మాల్దీవుల లాంటి జట్ల మీద కొట్టినవే. అమెరికాలో, పోర్చుగల్‌లో క్లబ్బులకు వెళ్లాడు గానీ నిలదొక్కుకోలేదు. పుట్టింది సికింద్రాబాద్‌లో, అది మనవాళ్లకే పెద్దగా తెలీదు!

2018లో ముంబైలో చైనీస్ తైపీ (తైవాన్ జట్టు)పై హ్యాట్రిక్ కొట్టిన రోజు స్టేడియం దాదాపు ఖాళీ. తిట్టడానికైనా రండని వీడియోలో బతిమాలాడు. ఆ తర్వాత కెన్యా మ్యాచ్‌కి టికెట్లు మిగల్లేదు. వర్షంలో తడుస్తూ చూశారు జనం, అతనూ రెండు గోల్స్ కొట్టాడు.