బేసిన్ కింద పైపు వంకరగా ఎందుకు పెడతారు?

బేసిన్ కింద పైపు తిన్నగా కాకుండా వంకరగా ఎందుకుంటుంది, బేసిన్ లోపల పై అంచు దగ్గర ఆ చిన్న రంధ్రం దేనికి అని అడిగారు. నాకు ఇవన్నీ అర్థమైంది నేల మీది జాలి దగ్గర, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది నల్గొండ జిల్లా దేవరకొండ. మూడేళ్ల కింద మా బాత్‌రూమ్‌లో మోరీ వాసన మొదలైంది. ఎలుక చచ్చిందేమోనని అటక మీద, మంచాల కింద అంతా వెతికాం. ఫినాయిల్ పోస్తే ఒక పూట ఆగేది, మళ్లీ వచ్చేది. రాత్రి లైటు వేస్తే బొద్దింకలు. ప్లంబర్ వచ్చి జాలి లేపి, టార్చి వేసి చూసి, "అన్నా, దీంట్ల గిన్నె ఏది?" అన్నాడు.

వెంట్రుకలు ఇరుక్కుని నీళ్లు పోవట్లేదని ఆ గిన్నెను తీసి పడేసింది నేనే. అది జాలి కింద బోర్లించి ఉంటుంది. దాని అంచు కింద నిలిచిన నీళ్లలో మునిగి ఉంటుంది. మనం పోసిన నీళ్లు ఆ అంచు కిందుగా దూరి వెళ్లిపోతాయి, కానీ మోరీలోని గాలి, పురుగులు ఆ నీళ్లు దాటి పైకి రాలేవు. నిలిచి ఉన్న ఆ నాలుగు చుక్కలే తలుపు!

బేసిన్ పైపు వంపులోనూ, కమోడ్‌లోనూ నీళ్లు ఆగేది ఇందుకే. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల తయారీదారు లండన్‌లో ఇలాంటి వంపు ఉన్న మరుగుదొడ్డికి పేటెంట్ తీసుకున్నాడు. కొత్త ఇళ్లలో కూడా మడతల ప్లాస్టిక్ పైపును తిన్నగా నేలలోకి దింపేస్తున్నారు. అలా దింపనివ్వకండి.

ఇక ఆ చిన్న రంధ్రం. నల్లా కట్టేయడం మర్చిపోతే బేసిన్ పొంగకుండా నీళ్లు అందులోంచి పోతాయి. బేసిన్ ఖాళీ అయ్యేటప్పుడు అందులోంచి గాలి ఆడి నీళ్లు తొందరగా దిగుతాయి కూడా.

పనిలో పనిగా నల్లా సంగతి కూడా. నల్లా మూతి దగ్గరి సన్న జాలి నీళ్లలో గాలి కలుపుతుంది. ధార చిమ్మదు, నీళ్లు తక్కువ పడతాయి. మా బోరు నీళ్లకు అది నెలకోసారి తెల్లగా పూడుకుపోతుంది. దాన్ని చూసి మా దగ్గర చాలామంది "ఫ్లోరైడ్" అంటారు, కానీ అది కాల్షియం. ఫ్లోరైడ్ కంటికి కనపడదు. జాలి విప్పి చింతపండు పులుసులో రాత్రంతా నానబెడితే వదులుతుంది.

మళ్లీ నేల మీది జాలి సంగతికి వస్తాను. గిన్నె తిరిగి పెట్టించాక, మరుసటి ఎండాకాలం మా అక్క వాళ్లింట్లో నెల రోజులుండి వచ్చేసరికి మళ్లీ అదే వాసన. గిన్నె ఉంది, కింది నీళ్లే ఆవిరైపోయాయి. రెండు మగ్గులు పోస్తే గంటలో తగ్గింది. అప్పటి నుంచి ఊరికి వెళ్లేటప్పుడు ప్రతి జాలిలో ఒక మగ్గు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేసి తాళం వేస్తున్నాం. నూనె పొర ఉంటే నీళ్లు తొందరగా ఆరవు. ఈసారి మే నెలంతా ఇల్లు మూసే ఉంది. వచ్చి తలుపు తీస్తే దుమ్ము వాసన తప్ప ఇంకేం లేదు.