లీనా హార్న్ దాచి ఉంచిన పెళ్లి

ప్రశ్న: పాత హాలీవుడ్ సంగీత చిత్రాల తారల్లో పెళ్లిని సైతం రహస్యంగా ఉంచినవారు ఉన్నారా? అంత అవసరం ఎందుకు వచ్చింది?

జవాబు: ఉన్నారు. నాకు ముందుగా గుర్తొచ్చే పేరు లీనా హార్న్. ఎం.జి.ఎం. స్టూడియోతో దీర్ఘకాలిక ఒప్పందం కుదుర్చుకున్న ఈ నల్లజాతి గాయని, అదే స్టూడియోలో సంగీత దర్శకుడైన శ్వేతజాతీయుడు లెనీ హేటన్‌ను 1947 డిసెంబరులో పారిస్‌లో వివాహమాడారు. అప్పటికి కాలిఫోర్నియాలో నల్లవారికీ తెల్లవారికీ మధ్య పెళ్లి చట్టవిరుద్ధం. రాష్ట్ర సుప్రీంకోర్టు 1948లో ఆ నిషేధాన్ని కొట్టివేసినా, దంపతులు 1950 వరకు నోరు విప్పలేదు.

వారి భయం నిరాధారమైనది కాదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల థియేటర్లలో లీనా పాటలను కత్తిరించి ప్రదర్శించేవారు. అందుకు వీలుగానే స్టూడియో ఆమె పాటలను చాలావరకు కథతో ముడిపెట్టకుండా విడిగా చిత్రీకరించేది. ఆమె తెరపై నిలబడి పాడటాన్నే సహించలేని వారు ఆమె పెళ్లిని సహిస్తారని ఎలా అనుకోగలం? విషయం బయటపడ్డాక ద్వేషపూరితమైన ఉత్తరాలు వచ్చాయి.

వృత్తిలో ఎదగడానికే తొలుత హేటన్‌ను చేసుకున్నానని, ప్రేమ ఆ తర్వాతే కలిగిందని లీనా అనంతర కాలంలో దాపరికం లేకుండా చెప్పారు. స్టూడియోల ప్రచార శాఖలు అల్లిన ప్రేమకథలన్నిటికంటే ఈ మాటనే నేను ఎక్కువగా గౌరవిస్తాను. హేటన్ 1971లో మరణించారు.