నేరుగా కలిపితే సరిపోయే టైమ్, స్విచ్ పెడితే ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: రెండు లైనక్స్ కంప్యూటర్ల గడియారాలను పీటీపీతో (నెట్‌వర్క్ ద్వారా గడియారాలను చాలా కచ్చితంగా కలిపే పద్ధతి) సింక్ చేశాను. ఒకే కేబుల్‌తో నేరుగా కలిపితే తేడా 50 నానోసెకన్లు దాటడం లేదు. మధ్యలో మామూలు గిగాబిట్ స్విచ్ పెడితే మైక్రోసెకన్లలోకి వెళ్తోంది. పెద్ద ఫైలు కాపీ చేస్తుంటే ఇంకా పెరుగుతోంది. స్విచ్ పాడైందా? మార్చేయాలా?

జవాబు: స్విచ్ బాగానే ఉంది. తన పని తాను చేస్తోంది, కాకపోతే ఆ పనికీ పీటీపీ అవసరానికీ పొత్తు కుదరడం లేదు. మీరు ముందే కేబుల్‌తో నేరుగా కలిపి చూడటం చాలా మంచి పని. దాంతో నెట్‌వర్క్ కార్డులు, డ్రైవర్లు, సెట్టింగుల మీద అనుమానం దాదాపు తీరిపోయింది. ఈ సమస్య ఉన్నవాళ్లందరూ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. నేరుగా కలిపినా తేడా మైక్రోసెకన్లలో ఉంటే మాత్రం ముందు కార్డు సంగతి చూడాలి. ఈథ్‌టూల్ కమాండ్‌కు పెద్ద టి ఆప్షన్ ఇచ్చి, కార్డు హార్డ్‌వేర్ టైమ్‌స్టాంపు (మెసేజ్ వెళ్లిన, వచ్చిన క్షణాన్ని కార్డే నమోదు చేయడం) వేయగలదో లేదో తెలుసుకోవచ్చు.

ఇక అసలు విషయం. పీటీపీ లెక్క నాలుగు టైమ్‌స్టాంపుల మీద నడుస్తుంది. మాస్టర్ (టైమ్ చెప్పే పరికరం) సింక్ మెసేజ్ పంపిన క్షణం, అది స్లేవ్‌కు (విని దిద్దుకునే పరికరం) చేరిన క్షణం, స్లేవ్ డిలే రిక్వెస్ట్ పంపిన క్షణం, అది మాస్టర్‌కు అందిన క్షణం. వెళ్లడానికి ఎంత పట్టిందో రావడానికీ అంతే పడుతుందన్న నమ్మకంతో స్లేవ్ తన గడియారాన్ని దిద్దుకుంటుంది. కేబుల్‌లో ఆ నమ్మకం నిలుస్తుంది. స్విచ్‌లో నిలవదు. 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి ముందు నిలబడి ఉంటే, గిగాబిట్ వేగంలో అది బయటికి పోవడానికే 12 మైక్రోసెకన్లు కావాలి. అంతసేపూ సింక్ మెసేజ్ వెనక ఆగాల్సిందే. ఫైలు కాపీ జరుగుతుంటే క్యూలో అలాంటివి చాలా ఉంటాయి, పైగా ఒక వైపే ఉంటాయి. రానుపోను సమయాల్లో ఎంత తేడా ఉంటే అందులో సగం నేరుగా మీ గడియారంలో తప్పుగా వచ్చి చేరుతుంది.

దీనికి సరైన మందు పీటీపీ తెలిసిన స్విచ్. అందులో రెండు రకాలు. ట్రాన్స్‌పరెంట్ క్లాక్ రకం, మెసేజ్ తన లోపల ఎంతసేపు ఆగిందో కొలిచి, ఆ మొత్తాన్ని మెసేజ్‌లో దిద్దుబాటు కోసం ఉండే కరెక్షన్ ఫీల్డ్‌లో కలుపుతుంది. బౌండరీ క్లాక్ రకం, ఒక పోర్టులో తానే స్లేవ్‌గా ఉండి టైమ్ నేర్చుకుని, మిగతా పోర్టుల్లో మాస్టర్‌గా నిలుస్తుంది. చాలా స్విచ్‌లలో ఈ ఫీచర్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, కాబట్టి కొన్నాక మీరే ఆన్ చేయాల్సి రావచ్చు. రెండు వైపులా డొమైన్ నంబరు (పీటీపీ గ్రూపు నంబరు), డిలే కొలిచే పద్ధతి ఒకటే అయి ఉండాలి. జీపీటీపీ ప్రొఫైల్ (పీటీపీని ప్రత్యేక నియమాలతో వాడే ఒక రకం) వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. దాని మెసేజ్‌లు వెళ్లే అడ్రస్‌ను స్టాండర్డ్ ప్రకారం నడిచే మామూలు స్విచ్ ముందుకు పంపదు. అందువల్ల అక్కడ సింక్ అస్సలు జరగదు.

స్విచ్ మార్చే వీలు లేకపోతే పీటీపీ ప్యాకెట్లకు ఎక్కువ ప్రయారిటీ ఇవ్వండి. మేలు జరుగుతుంది, కానీ అప్పటికే బయటికి వెళ్తున్న ప్యాకెట్ పూర్తయ్యే దాకా ఆగక తప్పదు. విడిగా వీల్యాన్ (అదే స్విచ్‌లో వేరు చేసిన నెట్‌వర్క్) పెట్టినా కేబుల్ ఒకటే కాబట్టి పెద్దగా కలిసిరాదు. కరెంటు ఆదా చేసే ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్ ఫీచర్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఖాళీగా ఉన్నప్పుడు లింకు నిద్రపోతుంది, గిగాబిట్ కాపర్ లింకు మేల్కోవడానికే 15 మైక్రోసెకన్లకు పైగా పడుతుంది. ట్రాఫిక్ తక్కువగా ఉన్నప్పుడే తేడా ఎక్కువవుతుంటే ముందు దీన్నే అనుమానించండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. లాగ్‌లో ఆఫ్‌సెట్ (మాస్టర్‌తో తేడా) సున్నా దగ్గర ఆడుతోందని నిశ్చింతగా ఉండకండి. ఆ సంఖ్య స్లేవ్ తనకు తాను వేసుకున్న అంచనా మాత్రమే. రానుపోను తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే అది లాగ్‌లో కనబడదు. ఉదాహరణకు మాస్టర్ 1 గిగాబిట్ పోర్టులో, స్లేవ్ 100 మెగాబిట్ పోర్టులో ఉన్నాయనుకోండి. మామూలు స్విచ్ ప్యాకెట్ మొత్తం అందాకే ముందుకు పంపుతుంది. 90 బైట్ల మెసేజ్ అందుకోవడానికి ఒక వైపు 0.7 మైక్రోసెకన్లు, ఇంకో వైపు 7 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే గడియారంలో సుమారు 3 మైక్రోసెకన్ల తప్పు స్థిరంగా ఉండిపోతుంది, లాగ్ మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. అందుకే రెండు పోర్టులనూ ఒకే వేగంలో పెట్టండి. కార్డుల్లో సెకనుకొక పల్స్ ఇచ్చే అవుట్‌పుట్ ఉంటే, రెండింటినీ ఆసిల్లోస్కోప్‌కు కలిపి కళ్లారా చూడండి. నాకు తెలిసి నమ్మదగిన పరీక్ష అదే.

ప్రశ్న: మా ఆడియో పరికరాలు ఆన్ చేశాక నాలుగైదు నిమిషాలు చక్కగా సింక్‌లో ఉంటాయి. తర్వాత ఒక్కొక్కటీ తానే మాస్టర్ అంటుంది. స్విచ్ రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ప్రోగ్రామ్ రోజు టెన్షన్‌తో చచ్చిపోతున్నాం.

జవాబు: మీరు చెప్పిన ఆ నాలుగైదు నిమిషాలే ఆచూకీ ఇస్తున్నాయి. పీటీపీ మెసేజ్‌లు ఎక్కువగా 224.0.1.129 అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కు (ఒక గ్రూపులోని వాళ్లందరికీ ఒకేసారి పంపే అడ్రస్) వెళ్తాయి. స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (గ్రూపు మెసేజ్‌లను అడిగిన పోర్టులకే పంపే ఫీచర్) ఆన్‌లో ఉండి, ‘ఈ గ్రూపు ఎవరికి కావాలి?’ అని అడుగుతూ ఉండే క్వెరియర్ లేకపోతే, పరికరాలు మళ్లీ జవాబివ్వవు. డిఫాల్ట్‌గా 260 సెకన్లు గడిచాక స్విచ్ వాటిని జాబితాలోంచి తీసేస్తుంది. మాస్టర్ తానున్నానని చెప్పే అనౌన్స్ మెసేజ్ అందని పరికరం మాస్టర్ లేదనుకుని తానే మాస్టర్ అవుతుంది. ఒక స్విచ్‌లో క్వెరియర్ ఆన్ చేయండి. నెట్‌వర్క్ చిన్నదైతే స్నూపింగ్ ఆపేసినా సరిపోతుంది. అలా చేసినా తగ్గకపోతే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌లో యూడీపీ 319, 320 పోర్టులు చూడండి. సింక్, డిలే రిక్వెస్ట్ 319లో, అనౌన్స్ 320లో కనబడాలి. పరికరాల పీటీపీ వెర్షన్లు కూడా సరిచూసుకోండి. 2002 నాటి మొదటి వెర్షన్, 2008 నాటి రెండో వెర్షన్ నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు.

ప్రశ్న: సింక్ బాగా జరుగుతోంది. కానీ కంప్యూటర్ టైమ్ కచ్చితంగా 37 సెకన్లు ముందుంది.

జవాబు: పీటీపీ సాధారణంగా టీఏఐ అనే అణు కాలమానంలో నడుస్తుంది. మనం వాడే యూటీసీ కన్నా అది 2017 జనవరి 1 నుంచి 37 సెకన్లు ముందుంది. ఆ తేడాను ఎవరూ తీసేయకపోవడమే మీ సమస్య. కార్డు గడియారాన్ని బట్టి కంప్యూటర్ గడియారాన్ని దిద్దే పీహెచ్‌సీ2సిస్ ప్రోగ్రామ్‌ను చిన్న డబ్ల్యూ ఆప్షన్‌తో నడపండి, లైనక్స్‌లో పీటీపీ నడిపే పీటీపీ4ఎల్ నుంచి ఆ అంకెను తానే తీసుకుంటుంది. మాస్టర్ కూడా ఆ అంకెను ‘సరైనదే’ అన్న గుర్తుతో పంపుతోందో లేదో చూడండి. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి టైమ్ తీసుకునే మరో పద్ధతి) సర్వీసు కూడా నడుస్తుంటే ఆపేయండి, లేకపోతే రెండూ కలిసి ఒకే గడియారాన్ని చెరోవైపు లాగుతుంటాయి.