కంప్యూటర్ ఉన్నా పుస్తకంలోనే రాస్తున్నారు

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మాకు 40 గదుల లాడ్జి ఉంది. కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టించి, కంపెనీ వాళ్లతో ఒకరోజు ట్రైనింగ్ కూడా ఇప్పించాం. మూడు నెలలైనా కౌంటర్లో పిల్లకాయలు పుస్తకంలో రాసుకుని, రాత్రికి సిస్టమ్‌లో ఎక్కిస్తున్నారు. బిల్లుల నిండా తప్పులే. మళ్లీ ట్రైనింగ్ పెట్టించాలా, మనుషుల్నే మార్చాలా?

జవాబు: ఇప్పుడే రెండూ వద్దండీ. ముందు పోయిన నెల క్యాన్సిలైన బిల్లులన్నీ తీయించి, ఒక్కోదాని పక్కన కారణం రాయండి. మీ లాడ్జిలో గది లెక్క 24 గంటలదై, సాఫ్ట్‌వేర్‌లో చెక్‌అవుట్ మధ్యాహ్నం 12కి పెట్టి ఉందేమో చూడండి. అలా ఉంటే సాయంత్రం 5కి దిగినవాళ్లు మర్నాడు 4కి ఖాళీ చేసినా రెండు రోజుల అద్దె పడుతుంది. యాత్రికులు ఒప్పుకోరు, క్లర్కు ఆ బిల్లు కొట్టేసి చేత్తో రాసిస్తాడు. ఇది సెట్టింగ్ లోపం. ఎన్ని ట్రైనింగులు పెట్టినా పోదు, కంపెనీ వాళ్లతో మార్పించాల్సిందే.

గది మార్చడం, అడ్వాన్స్ సర్దడం లాంటివి మాత్రం నేర్పాల్సినవే. మళ్లీ తిరగేయకపోతే నేర్చినది మొదటి రోజుల్లోనే చాలావరకు జారిపోతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించారు. కాబట్టి కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు 20 నిమిషాలు, ఒక్క పనే నేర్పండి. మౌస్ నేర్చుకునేవాడి చేతిలోనే ఉండాలి. నేర్పేవాడు లాక్కుని చకచకా నొక్కేస్తే చూడ్డానికి బాగుంటుంది, చేతికి రాదు. రెండు రోజులాగి, ఏమీ చెప్పకుండా అదే పని చేయించండి. ప్రాక్టీసంతా డెమో డేటాలోనే. జీఎస్టీ బిల్లుల నంబర్ల వరస చెడకూడదు.

షిఫ్టులన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే ఎవరికి ఏది రాదో తెలియదు. ఎవరి లాగిన్ వాళ్లకివ్వండి. తప్పుకింతని జీతంలో కోశారా, అందరూ మళ్లీ పుస్తకం పడతారు.

విదేశీయులు దిగితే వాళ్ల వివరాల ఫారం 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. ఎంట్రీ ఆలస్యమైతే మొదట చిక్కు వచ్చేది అక్కడే. అందుకని ఒక తేదీ చెప్పి పుస్తకం తీసేయండి, కరెంటో నెట్టో పోయినప్పుడే బయటికి రావాలి. ఆ రోజు నుంచి రాత్రి క్యాష్‌కీ రిపోర్టుకీ తేడా ఎంతో రాయించండి. వారం వారం అది తగ్గుతుంటే పిల్లలు నేర్చుకుంటున్నట్టే.

బ్రహ్మోత్సవాల ముందు మాత్రం ఇవేవీ మొదలుపెట్టకండి. ఆ రద్దీలో ఎవరైనా చేతికి అలవాటైన పద్ధతే పట్టుకుంటారు.